మాల వేసుకున్నప్పుడు మానగలిగినవాడు మిగతా రోజుల్లో ఎందుకు మానలేడు?

అమ్మా, మీరు రాసింది పూర్తిగా చదివాను. మీ ఆయన పదేళ్లుగా తాగుతున్నారు. మొదట్లో శనివారం సిట్టింగులు, తర్వాత రోజూ రాత్రి, ఈ మధ్య పొద్దున లేవగానే కూడా కొంచెం పడాల్సి వస్తోంది. పోయినేడాది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులూ చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి బెంగళూరు కె.ఆర్. పురం తిరిగొచ్చిన వారంలోపే మళ్లీ మొదలుపెట్టారు. "దేవుడి కోసం మానగలిగినవాడు నా కోసం, పిల్లల కోసం ఎందుకు మానడు? అంటే మానాలని లేదనేగా?" అని అడిగారు. బలవంతంగా ఏదైనా సెంటర్‌లో చేర్పిద్దామని మీ అన్నయ్య అంటున్నారు. అన్నంలో తెలియకుండా కలిపే మాత్ర ఉందని పక్కింటావిడ చెప్పింది. ఏం చేయాలో తోచడం లేదన్నారు.

నేను బెంగళూరులోనే మద్యం మాన్పించే కౌన్సెలింగ్ పనిలో చాలాకాలంగా ఉన్నాను. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలే నా దగ్గరకు ఎక్కువగా వస్తాయి. దాదాపు ప్రతి ఇల్లాలూ ఏదో ఒక రూపంలో మీరడిగిన ప్రశ్నే అడుగుతుంది. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: ఆయనకు మానాలని ఉంది. మానగలనన్న నమ్మకం లేదు. ఈ రెండూ వేరువేరు సంగతులు. ఇంట్లోవాళ్లు మొదటిదాన్ని పెంచడానికి ఏళ్ల తరబడి కష్టపడతారు. ఆ కష్టంలోనే రెండోది తమకు తెలియకుండా తగ్గిపోతూ ఉంటుంది.

మనసు సంగతి చెప్పేముందు ఒంటి సంగతి ఒకటి చెప్పాలి. పొద్దున తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం, కడుపులో తిప్పడం ఉంటే ఆయన ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందని అర్థం. ఇలాంటివాళ్లు ఇంట్లో ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు తికమకపడటం, లేనివి కనిపించడం, వినిపించడం మొదలుకావచ్చు. దీంతో ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. పోయినేడాది దీక్షలో మొదటి మూడు రోజులు నిద్రలేక వణికారని మీరే రాశారు. అప్పటికంటే ఇప్పుడు ఎక్కువ తాగుతున్నారు. కాబట్టి "రేపటి నుంచి బంద్" అని ఇంట్లో ఒత్తిడి పెట్టకండి. డాక్టర్ పర్యవేక్షణలో మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో ఆ వారం రోజులు దాటించడం పెద్ద కష్టమైన పని కాదు. చాలామంది మగవాళ్లు మానడానికి భయపడేది ఈ వణుకుకే. పైకి చెప్పరు. సిగ్గుపడి "నాకు మానాల్సిన అవసరం లేదు" అంటారు. విన్నవాళ్లకు అది పొగరులా కనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న. కౌన్సెలింగ్‌లో మేం తరచూ అడిగే రెండు ప్రశ్నలున్నాయి. ఎవరో ఒక్కరని కాదు, ఎంతోమంది నోట విన్న మాటలనే కలిపి రాస్తున్నాను.

"మందు మానడం మీకెంత ముఖ్యం? సున్నా నుంచి పదిలో ఎంత వేసుకుంటారు?"

"తొమ్మిది సార్. పిల్లలు పెద్దోళ్లవుతున్నారు."

"సరే. ఇప్పుడు మానాలనుకుంటే మానగలనన్న నమ్మకం ఎంత?"

ఇక్కడ చాలాసేపు మాట ఉండదు. కొందరు తల వంచుకుంటారు. "రెండు... రెండే సార్."

పక్కన కూర్చున్న భార్య ఆశ్చర్యంగా చూస్తుంది. ఇన్నేళ్లూ ఆ మొదటి అంకె సున్నా అనుకుంది. తొమ్మిదిని పది చేయడానికి రోజూ ఏడ్చింది, తిట్టింది, పుట్టింటికి వెళ్లింది. రెండు ఉన్న చోట ఎవరూ చెయ్యి వేయలేదు.

తర్వాత మేమడిగే ప్రశ్న: "రెండన్నారు. సున్నా ఎందుకు అనలేదు?" దాన్ని "రెండే ఎందుకు?" అని అడిగితే మనిషి తన చేతకానితనాలన్నీ ఏకరువు పెడతాడు. సున్నా ఎందుకు కాదంటే మాత్రం తన బలం కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. "మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులు తాగలేదు సార్", "మాల వేసుకున్నప్పుడు ఉన్నాను కదా" అని మెల్లగా బయటికొస్తుంది. మానడానికి కారణం మనం చెబితే అతను వాదిస్తాడు. తన నోటితో తానే చెప్పుకుంటే దానికి బరువుంటుంది. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఈ పద్ధతి గురించి మొదట రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. 1993లో మిల్లర్ బృందం ప్రచురించిన ఒక అధ్యయనం ఇంట్లోవాళ్లందరూ తెలుసుకోదగ్గది. కౌన్సెలర్ ఎంత గట్టిగా నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతూ కనిపించాడు. శిక్షణ పొందిన కౌన్సెలర్ నిలదీస్తేనే ఇలా ఉంటే, ఇంట్లో రోజూ జరిగే నిలదీతల ఫలితం ఎలా ఉంటుందో ఆలోచించండి.

నమ్మకం అంటున్నది ఊరికే ధైర్యం చెప్పే మాటగా తీసుకోవద్దు. ఒక పని చేయగలనన్న నమ్మకం ఆ పనిని ఎంత నిర్ణయిస్తుందో ఆల్బర్ట్ బండూరా 1977లోనే సిద్ధాంతీకరించారు. మద్యం మీద అమెరికాలో ప్రాజెక్ట్ మ్యాచ్ పేరుతో 1,726 మందితో పెద్ద అధ్యయనం చేసి, 1997లో ప్రధాన ఫలితాలు ప్రకటించారు. మూడు రకాల కౌన్సెలింగ్‌లను పోల్చితే వాటి మధ్య తేడా పెద్దగా కనిపించలేదు. చికిత్స మొదలయ్యేటప్పుడు మనిషిలో ఉన్న సంసిద్ధత, తన మీద తనకున్న నమ్మకం మాత్రం తర్వాతి సంవత్సరాల్లో ఎలా ఉంటాడో బాగా సూచించాయి.

ఇప్పుడు మాల సంగతి చూద్దాం. ఆ 41 రోజులూ కేవలం దేవుడి భయంతో గడిచాయని మీరనుకుంటున్నారు. ఆ రోజుల్ని గంట గంటకూ గుర్తు చేసుకోండి. తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం. నల్లబట్టలు, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేవు. ఎవరు చూసినా ఈయన దీక్షలో ఉన్నాడని తెలుస్తుంది. సిట్టింగుకు పిలిచే స్నేహితులే ఆ రోజుల్లో పిలవరు, పక్కన కూర్చుని తాగడానికి కూడా జంకుతారు. సాయంత్రం సరిగ్గా ఎంఆర్‌పీ మద్యం షాపు ముందు నిలబడే వేళకి పూజ, భజన, పడిపూజ. సందేహం వస్తే అడగడానికి గురుస్వామి ఉన్నారు, ఆయనా ఒకప్పుడు కన్నెస్వామే. ఇంట్లో వంట మారింది, మాట మారింది. పదేళ్లుగా "మీరు తాగుబోతు" అని విన్న చెవులకు అందరూ, మీతో సహా, "స్వామీ" అని పిలవడం వినిపించింది. ఎదురుగా 41 అనే అంకె ఉంది, ప్రతి రాత్రీ ఒకటి తగ్గుతుంది.

మాల తీసిన రోజు ఇవన్నీ ఒకేసారి పోయాయి. పొద్దున లేపేవాళ్లు లేరు, సాయంత్రం ఖాళీ. "దీక్ష అయిపోయిందిగా మామా, రా" అని ఫోన్. ఇంట్లో మళ్లీ పాత పిలుపు, పాత అనుమానం. మనిషి వారంలో మారిపోలేదమ్మా. అతని చుట్టూ ఉన్నదంతా ఒక్క రోజులో మారింది. మాల ఉన్నా లేకపోయినా మానాలన్న కోరిక అంతే ఉంది, ఆ కోరికను నిలబెట్టే ఏర్పాటు పోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. చాలామంది మాల వేసుకునేది దీక్ష కోసం, మందు మానడం కోసం కాదు. ముందురోజు రాత్రి కడుపునిండా తాగి వేసుకుంటారు, తీసిన రోజు తాగొచ్చని మనసులో అనుమతి ఇచ్చేసుకుంటారు. కాబట్టి దీక్ష పూర్తయ్యాక తాగడం ఆయన దృష్టిలో మాట తప్పడం కాదు. మీ దృష్టిలో మాత్రం మోసం. ఈ తేడా మీ ఇద్దరి మధ్య ఎప్పుడూ మాటల్లోకి వచ్చి ఉండదు.

అయినా ఆ 41 రోజులు ఆయన దగ్గరున్న పెద్ద ఆస్తి అంటాను. మీరు వాటిని ఆయన మీద నేరారోపణగా వాడుతున్నారు: "అప్పుడు మానావు, ఇప్పుడు రోగమా?" అదే విషయాన్ని ఇంకోలా అడగొచ్చు: "ఆ రోజుల్లో సాయంత్రం ఏడింటికి తాగాలనిపించినప్పుడు ఎలా ఉండగలిగారు?" నిజంగా తెలుసుకోవాలని అడగండి, జవాబు వినండి. ఆయన చెప్పే జవాబులోంచే చికిత్సకు పనికొచ్చే ప్రణాళిక దొరుకుతుంది.

సిగ్గు గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఒట్టు వేయించుకోవడం అలవాటు. కూతురి తల మీద చెయ్యి పెట్టించి "ఇక ముట్టను" అనిపిస్తాం. ఆయన కన్నీళ్లతో వేస్తారు, ఆ క్షణంలో అది అబద్ధం కూడా కాదు. నాలుగు రోజులకు జారిపోతారు. అప్పుడు తాగిన బాధ కంటే బిడ్డ తల మీద ఒట్టు తప్పానన్న బాధ పెద్దది. ఆ బాధను మరిపించడానికి ఆయనకు తెలిసిన దారి ఒక్కటే, అది మందే. రెండు పెగ్గులతో ఆగాల్సింది ఫుల్ బాటిల్ దాకా వెళ్తుంది. "ఎలాగూ చెడ్డాను, ఇక ఎంతైతే ఏం" అనే ఈ ఆలోచనను అలాన్ మార్లట్ అనే శాస్త్రవేత్త 1980లలో వివరంగా రాశారు. జారిన ఒక్క గ్లాసును మనిషి ఎలా అర్థం చేసుకుంటాడన్నదాని మీద తర్వాతి నెల ఆధారపడి ఉంటుందని ఆయన చెప్పారు. "నా బతుకే ఇంత" అనుకుంటే పూర్తిగా పడిపోతాడు. "బిల్లు రాలేదని చిరాకులో ఉన్నాను, ఆకలి మీద ఉన్నాను, వాడు పిలిస్తే వెళ్లాను" అని విడదీసి చూడగలిగితే లేస్తాడు. దయచేసి పిల్లల మీద ఒట్లు వేయించకండి. తప్పిన ప్రతి ఒట్టూ ఆ రెండు అనే అంకెను ఒకటికి లాగుతుంది.

మందు ఆయనకు ఏదో ఇస్తోంది కాబట్టే తాగుతున్నారు. అదేమిటో తెలుసుకోకుండా మాన్పించలేం. ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారన్నారు. సైట్‌లో లేబర్ గొడవ, ఆగిపోయిన బిల్లులు, రాత్రి నిద్ర పట్టకపోవడం. తాగితే టెన్షన్ తగ్గుతుంది, నిద్ర వస్తుంది అని ఆయన నమ్మకం. మొదటి అరగంట అది నిజమే. కానీ మందుతో వచ్చిన నిద్ర అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది, పొద్దునకి మత్తు దిగేకొద్దీ గుండెదడ, టెన్షన్ మళ్లీ వస్తాయి. అందులో చాలాభాగం మందు దిగడం వల్ల వచ్చినదే. ఆయన మాత్రం అది పని టెన్షన్ అనుకుని మళ్లీ తాగుతారు. ఈ ఊళ్లో ఒంటరితనం కూడా తక్కువేమీ కాదు. ఊళ్లో అయితే సాయంత్రం రచ్చబండ, బాబాయిలు, బావలు ఉంటారు. ఇక్కడ సాయంత్రం మాట్లాడటానికి మనిషి దొరికేది సిట్టింగులోనే. మందు మానమంటే ఆయనకు "ఉన్న నలుగురు స్నేహితుల్నీ వదిలెయ్" అన్నట్టు వినిపిస్తుంది. ఆ నలుగురి చోటు దేనితో నింపుతామో చెప్పకుండా మానమనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

దిగులు ఉందేమో కూడా చూడాలి. చాలామందిలో మందు పూర్తిగా ఆపిన రెండు నుంచి నాలుగు వారాల్లో దిగులు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే దానికి వేరే చికిత్స కావాలి. లేకపోతే ఎంత పట్టుదల ఉన్నా నిలవదు. "నేను పోతేనే మీరు బాగుంటారు" లాంటి మాట ఆయన నోట వస్తే తాగి అన్నాడులే అని వదిలేయకండి, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

లివర్ రిపోర్ట్ చూపించి భయపెట్టినా వారంలో మామూలైపోయారని రాశారు. అది మొండితనమే అనుకోనక్కర్లేదు. మందుకు బానిసైన మనసుకు ఈ సాయంత్రం దొరికే ఉపశమనం చాలా పెద్దగా, పదేళ్ల తర్వాత వచ్చే జబ్బు చాలా చిన్నగా కనిపిస్తాయి. భయం కంటే దగ్గర్లో కనిపించే లాభం బాగా పనిచేస్తుంది. మానిన కొన్ని వారాలకు రక్తపరీక్ష మళ్లీ చేయిస్తే లివర్ పరిస్థితిని సూచించే జీజీటీ అనే అంకె సాధారణంగా తగ్గుతుంది. ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు మనుషుల ముఖాలు వెలగడం చూశాను.

అన్నంలో కలిపే మాత్ర వద్దే వద్దు. ఆవిడ చెప్పింది బహుశా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం జరుగుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్ల ప్రాణానికే ప్రమాదం. తెలియకుండా పెట్టడం నేరం కూడా అవుతుంది. ఇవన్నీ అలా ఉంచి, మానసికంగా చూసినా అది నష్టమే. ఆయన మానినా తాను మానానన్న నమ్మకం రాదు, విషయం బయటపడ్డ రోజు మీ చేతి అన్నం మీద నమ్మకం పోతుంది. అదే మాత్రను డాక్టర్ పరీక్షించి రాసిస్తే, అన్నీ తెలిసి, పొద్దున్నే మీ ఎదుట ఆయనే వేసుకుంటే పరిస్థితి పూర్తిగా వేరు. "ఈరోజు తాగను" అని రోజూ తానే నిర్ణయించుకున్నట్టు. తాగాలన్న తపనను, తాగితే వచ్చే హుషారును తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులూ ఉన్నాయి. లివర్, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టర్ ఎంచుకుంటారు.

బలవంతపు చేర్పుల గురించి మీ అన్నయ్యకు ఒక మాట చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. మనిషి ఇష్టానికి విరుద్ధంగా చేర్చాలంటే తనకో ఇతరులకో హాని చేసే స్థితి లాంటి కారణం ఉండాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. రాత్రికి రాత్రి వ్యాన్‌లో ఎత్తుకెళ్లే సెంటర్ల జోలికి వెళ్లకండి. ఫిట్స్, తికమక, ఆత్మహత్య ఆలోచన ఉంటే మాత్రం ఆయన ఒప్పుకోలు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇంటి ఒత్తిడితో వచ్చినవాళ్లు బాగుపడరన్నది కూడా అపోహే. భార్య పట్టుబట్టిందని వచ్చి కూర్చుని, కొన్ని వారాలకు తన కారణాలు తాను వెతుక్కున్నవాళ్లు ఎందరో.

మీరు ఇంట్లో చేయగలిగేవి చెబుతాను. తాగి ఉన్నప్పుడు ఏ చర్చా వద్దు, అన్నం పెట్టి పక్క గదిలోకి వెళ్లండి. పొద్దున ఆయన నీరసంగా, సిగ్గుగా ఉండే వేళ ఉంటుంది. అప్పుడు మనసు కాస్త తెరిచి ఉంటుంది. తాగని సాయంత్రం, లేదా తక్కువ తాగిన సాయంత్రం ఉంటే దాన్ని గుర్తించి చెప్పండి: "నిన్న పాపతో కూర్చుని లెక్కలు చేయించారు, దానికి చాలా సంతోషమైంది." అంతే, దాని వెనక "రోజూ ఇలా ఉంటే ఎంత బాగుండు" అని తగిలించకండి. సైట్‌కి వెళ్లలేకపోతే "జ్వరమండీ" అని మీరు ఫోన్ చేసి కప్పిపుచ్చకండి, ఆయనే చెప్పుకోనివ్వండి. అమెరికాలో రాబర్ట్ మేయర్స్ కుటుంబాల కోసం రూపొందించిన క్రాఫ్ట్ అనే పద్ధతిలో సారం ఇదే. కుటుంబాలకు నేర్పే వేరే పద్ధతుల కంటే దీనితో చికిత్సకు వచ్చినవాళ్లే ఎక్కువని అధ్యయనాలు చూపించాయి.

ఒక్క షరతు. చెయ్యి చేసుకుంటున్నారా అన్నది మీరు రాయలేదు. చేసుకుంటుంటే పైన చెప్పినవన్నీ తర్వాత, ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండాలి. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. ఆయన మానడం, మానకపోవడం మీ ఓర్పుకు పెట్టిన పరీక్షగా భావించకండి.

ఎక్కడికి వెళ్లాలంటే, హోసూర్ రోడ్‌లోని నిమ్హాన్స్‌లో సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక విభాగాల్లోనూ చూస్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మద్యం, డ్రగ్స్ మాన్పించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ ఎయిమ్స్ విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందినీ మానాలని లేనివాళ్లుగా నేను లెక్కవేయలేను.

వెళ్లేటప్పుడు ఆయనతో "మందు మాన్పించడానికి" అనకండి. "నిద్ర, వణుకు గురించి ఒకసారి డాక్టర్‌తో మాట్లాడదాం, ఏం చేయాలో తర్వాత మీరే నిర్ణయించుకోండి" అనండి. అందులో అబద్ధమేమీ లేదు, ఆ నిర్ణయం చివరికి ఆయనదే. పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు వెంట పెట్టుకోండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, చివరిసారి ఎన్ని గంటలకు తాగారు అన్నది డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటిసారి వచ్చి రెండోసారి రానివాళ్లను చాలామందిని చూస్తుంటాం. అందుకే ఓపీ గదిలోంచి బయటికి రాకముందే తర్వాతి తేదీ అడిగి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మధ్యలో తాగినా సరే, ఆ తేదీకి మాత్రం తీసుకురండి.